మండె మీద నీళ్ళు చల్లొద్దు వదినా

గొంతులో గడ్డకి రాజమండ్రిలో కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకుంటున్న రోజుల్లో, క్యాన్సర్ కంటే ముందు మా వదిన ప్రేమే నన్ను చంపేస్తుందేమో అనుకున్నాను. మా ఆయనకి అక్కగారు, మండపేట దగ్గర వ్యవసాయం. కరెంటంటే వేడి, వేడికి చలువ చెయ్యాలి, ఆవిడ లెక్క అంతే. సబ్జా నీళ్ళు, బార్లీ సరే. ఎవరో చెప్పారని యాంటీఆక్సిడెంట్ మాత్రల డబ్బాలు కూడా తెచ్చి పూటపూటకీ గుప్పెడు మింగించేది. మా వైపు మర్యాద తెలిసిందే కదా, వద్దంటే ఇంకో రెండు వడ్డిస్తారు.

డాక్టరుగారు ఆ డబ్బాలు చూసి మొహం చిట్లించారు.

“తిండి ఏదైనా తినండి. ఇవి మాత్రం ఆపెయ్యండి. మేం గడ్డని చంపాలని చూస్తుంటే ఇవి దాన్ని కాపాడినా కాపాడొచ్చు.”

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేదాన్ని. ఆయన మాట చటుక్కున అర్థమైంది, ఇన్నాళ్ళూ మింగినందుకు ఒళ్ళూ మండింది. ఇంటికొచ్చి చెబితే వదిన మూతి ముడిచింది.

“చలవ చేసే మందు చెడ్డదెలా అవుద్దే?”

“నారు పోసే ముందు విత్తనాలు నానబెట్టి గోనెల్లో మండె కడతారు కదండీ. లోపల వేడి పుడితేనేగా మొలకొచ్చేది?”

“అవును. వేడెక్కువైతే మొలక ఉడికి చచ్చిపోద్ది. అందుకే నీళ్ళు చల్లుతాం.”

“క్యాన్సర్ కణమూ అంతేనండి. ఆక్సిజన్ వల్ల పుట్టే ఘాటు పదార్థాలు దాంట్లో మామూలుగానే ఎక్కువ. ఆ కాస్త సెగే పెరగమని దానికి కబురు చెబుతుంది. కరెంటు పెడితే సెగ తట్టుకోలేనంత అవుతుంది. అప్పుడు చచ్చిపొమ్మని కబురెళ్తుంది, కణం తనని తానే ముక్కలు చేసుకుంటుంది. మీరేమో ఈ మాత్రలతో ఆ మండె మీద నీళ్ళు చల్లుతున్నారు!”

వదిన మర్నాటి నుంచి గుమ్మంలో కుర్చీ వేసుకుని, చూడ్డానికొచ్చిన చుట్టాల సంచులు వెతకడం మొదలెట్టింది. మాత్రలూ పొడులూ కనబడితే తిప్పి పంపేసేది. “దాన్ని ఉడకనివ్వండి,” అనేది. నన్నే అంటోందనుకుని వాళ్ళు బిత్తరపోయేవారు.

గొంతంతా పుండైపోయింది. మజ్జిగ కూడా నిప్పుల్లా దిగేది. చచ్చేది గడ్డో నేనో తెలియలేదు. భయమేసింది, దాచడమెందుకు?

కరెంటు అయిపోయిన కొన్ని నెలలకి స్కాన్ తీశారు. “గడ్డ లేదండి. బతికున్న క్యాన్సర్ ఆనవాలు ఎక్కడా కనబడటం లేదు,” అన్నారు డాక్టరుగారు.

వదిన బయట వరండాలో బెంచీ మీద కళ్ళు మూసుకుని కూర్చుంది. తలుపు తీస్తూనే అరిచాను.

“చచ్చాయి వదినా! అన్నీ చచ్చాయి!”

నర్సు పరుగెత్తుకొచ్చింది. “ఆస్పత్రిలో ఆ మాటేంటండీ!”

వదిన లేచి కొంగు దోపుకుంది. కళ్ళ నిండా నీళ్ళు.

“ఇంకోసారి చెప్పవే,” అంది.

ఆ వరండా బెంచీల మీద కూర్చున్న ప్రతి రోగికీ ఒంట్లో ఎక్కడో ఒకచోట గడ్డ ఉంది. వాళ్ళందరికీ వినబడాలని ఇంకా గట్టిగా అరిచాను.