సాగనంపడానికి వచ్చినవాళ్ల మీద ప్రాజెక్టు

కొత్త విమానాశ్రయంలో మా ఆయనకు ఉద్యోగం దొరకడంతో మేం విజయవాడ నుంచి శంషాబాద్ వచ్చి పడ్డాం. అంతకుముందు నేనొక పత్రికలో సబ్ ఎడిటర్‌ని. ఇంకొకరు రాసిన వాక్యాలు దిద్దడం తప్ప నాకు వేరే విద్య రాదు. శంషాబాద్‌లో అప్పుడు విమానాలు, మామిడి తోటలు, రియల్ ఎస్టేట్ బోర్డులు ఉండేవి గానీ పత్రికాఫీసు మాత్రం లేదు. ఇంట్లో కూర్చుని కిరాణా కొట్టు చీటీల్లో అక్షర దోషాలు దిద్దుతున్న రోజుల్లో, సాతంరాయి దగ్గర హైవే పక్కనున్న ఒక పీజీ కాలేజీ వాళ్లు పిలిచారు.

ఆ కాలేజీ కింద అంతస్తులో టైర్ల కొట్టు, మధ్యలో ఎంబీయే, పైన ఎమ్మే సోషియాలజీ. ఎండాకాలం మధ్యాహ్నాల్లో సోషియాలజీకంతా రబ్బరు వాసన వచ్చేది.

ప్రిన్సిపాల్ గారు నన్ను కూర్చోబెట్టి అసలు విషయం చెప్పారు. "మా పిల్లలు మాట్లాడుమంటే పొద్దుగూకేదాక మాట్లాడుతరు మేడం. ప్రాజెక్టు రాయుమంటే మాత్రం ఒక్కరు కనపడరు. జర మీరు కూసోవెట్టి నేర్పియ్యాలె."

తెలుగు మీడియం ఎమ్మేలో చివరి ఏడాది ప్రతి విద్యార్థీ ఏదో ఒక విషయం మీద పరిశోధన చేసి, దాన్ని పుస్తకంగా కట్టించి, బయటినుంచి వచ్చే పరీక్షకుడి ముందు నిలబడి సమాధానాలు చెప్పాలి. ఆ పుస్తకం రాయడంలో సాయం చేయడం నా పని. విరిగిన కుర్చీలు పెట్టుకునే గదిని ఖాళీ చేయించి నాకిచ్చారు. తలుపు మీద 'రచనా సహాయ కేంద్రం' అని రాయించారు. మొదటి వారం ఇద్దరే వచ్చారు. ఒకరికి కుల ధ్రువపత్రం కోసం దరఖాస్తు కావాలి. రెండో అతను కుర్చీ కోసం వచ్చాడు.

నాకు మొదట ఎదురైన సమస్య విద్యార్థులు కాదు, మా విభాగాధిపతి. మంచివాడు, పిల్లలంటే ప్రాణం. కానీ ఆయన దృష్టిలో శాస్త్రీయ భాష అంటే ఒకటే: ప్రతి క్రియ చివరా 'బడు' ఉండాలి. నోటీసు బోర్డు మీద 'రేపు సెలవు ఇవ్వబడును, ఎల్లుండి తరగతులు జరపబడును' అని ఆయన చేత్తోనే రాసేవాడు. "టీ తాగబడిందా మేడం?" అని ఎప్పుడూ అడగలేదు గానీ, అడిగినా నేను ఆశ్చర్యపోయేదాన్ని కాదు.

"చేశారు, చూశారు, తిన్నారు అని రాస్తే అది పేపర్ వార్త అవుతుంది మేడం," అన్నాడు నాతో. పేపరు అన్న మాట దగ్గర నా వైపు చూసి కొంచెం జాలిపడ్డాడు కూడా. "చేయబడినది అనగానే దానికొక బరువు వస్తుంది."

అలాంటి రోజుల్లో ఒక అమ్మాయి నా గది తలుపు దగ్గర నిలబడింది. సాతంరాయి అమ్మాయే. వాళ్ల నాన్న ఊళ్లో చిన్న చర్చికి పాస్టరు. మిగతా రోజుల్లో టమాటా, బెండ పండించేవాడు. ఈ అమ్మాయి చిన్నప్పటినుంచీ ఆదివారాలు చర్చిలో వాక్యం చదివేది. గొంతు చిన్న గంటలాగా ఉండేది.

"మేడం, నా ప్రాజెక్టు జర చూస్తరా? సారేమో బరువు లేదంటుండు."

ఆమె ఎంచుకున్న విషయం విని నేను నిటారుగా కూర్చున్నాను. విమానాశ్రయానికి జనాన్ని సాగనంపడానికి వచ్చే కుటుంబాల మీద ప్రాజెక్టు. గల్ఫ్‌కి పోయేవాడు ఒక్కడైతే వెనక జీపులో ఊరంతా వస్తుంది. లోపలికి రానివ్వరు కాబట్టి బయట గడ్డి మీద దుప్పట్లు పరుచుకుని, టిఫిన్ డబ్బాలు విప్పి, విమానం లేచేదాకా కూర్చుంటారు. మా ఆయన రోజూ ఇంటికొచ్చి చెప్పేది ఇదే. దాన్ని పరిశోధన చేయొచ్చని మాత్రం మాకెవరికీ తట్టలేదు.

"బ్రహ్మాండం! ఎంతమందిని అడిగావు?"

"ఒక కుటుంబాన్ని అడిగిన మేడం. ఇగ మల్ల పోబుద్ధి కాలే."

ఆమె నింపుకొచ్చిన ప్రశ్నావళి చూశాను. 'వచ్చుటకు గల కారణము' అన్నచోట, 'ప్రయాణికునితో గల బంధుత్వము' అన్నచోట, 'విమానాశ్రయమునందలి సదుపాయములపై అభిప్రాయము' అన్నచోట, మూడింటికీ ఒకే జవాబు రాసి ఉంది: ఆమెన్.

"ఇదేంటమ్మా?"

"గదే అన్నరు మేడం వాళ్లు."

నెమ్మదిగా విషయం బయటపడింది. ఈమె వెళ్లి గడ్డి మీద కూర్చున్న ఒక కుటుంబం ముందు నిలబడింది. ఎవరిని సాగనంపడానికి వచ్చారని అడగాలి. కానీ ఈమెకు రాతభాష అంటే చర్చిలో చదివే భాషే తెలుసు. అందుకని ఆ గంటలాంటి గొంతుతో, "ప్రియమైన కుటుంబ సభ్యులారా, మీరు ఈ స్థలమునకు విచ్చేయుటకు గల కారణములను నాకు తెలియజేయుడి" అని మొదలుపెట్టింది. అందులో ఉన్న ముసలమ్మ వెంటనే కొంగు తల మీద కప్పుకుని కళ్లు మూసుకుంది. ఆమెను చూసి కోడళ్లు మూసుకున్నారు. దుబాయికి పోయే మనిషి పాస్‌పోర్టు చేతిలో పట్టుకునే తల వంచాడు.

"వాళ్లు మీ చర్చివాళ్లా?"

"కాదు మేడం. వాళ్లకు బోనాలు గిట్ల ఉంటయి. నేను ఆగి చెప్పిన, అమ్మా నేను ప్రార్థనకు రాలే అని. గా ముసలమ్మ ఏమన్నదంటే, ఏ దేవుడైతేంది బిడ్డా, విమానం మంచిగ దిగాలె, నువ్వు కానియ్యి, అన్నది."

"మరి నువ్వేం చేశావు?"

"ఏం జేస్త మేడం? ప్రార్థన చేసిన."

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆమె బిక్కమొహం వేసింది. తర్వాత తానూ నవ్వడం మొదలుపెట్టింది. ఇద్దరం కళ్లు తుడుచుకునే సమయానికి విభాగాధిపతి తలుపులోంచి తొంగిచూసి, "ఏదైనా సందేహం నివృత్తి చేయబడుతోందా?" అన్నాడు. దాంతో మళ్లీ మొదలైంది.

మర్నాడు మేమిద్దరం ప్రశ్నలన్నీ మార్చాం. నేను రాసినవీ కుదరలేదు. "మీరెంతమంది వచ్చారండీ?" అని నేనంటే, "గట్లడిగితే మిమ్మల్ని టీవీలకెల్లి వచ్చిండ్రనుకుంటరు మేడం," అంది. చివరికి ఆమె తన ఇంట్లో మాట్లాడే మాటలతోనే రాసుకుంది. ఆ శనివారం ఇద్దరం బస్సెక్కి విమానాశ్రయానికి వెళ్లాం.

దారిలో ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. ప్రశ్నలు వల్లె వేస్తోందో, భయానికి నిజంగానే ప్రార్థన చేసుకుంటోందో అడగలేదు.

గడ్డి మీద ఒక పెద్ద గుంపు కనిపించింది. నిజామాబాద్ వైపునుంచి వచ్చారట. పాలిథిన్ సంచుల్లో సర్వపిండి, పెద్ద డబ్బాలో పులిహోర. మా అమ్మాయి వెళ్లి వాళ్ల దుప్పటి అంచు మీద కూర్చుంది.

"పెద్దమ్మా, ఎవలు పోతున్రు?"

అంతే. ఇక ఆమె రెండో ప్రశ్న అడగాల్సిన అవసరం రాలేదు. పోయేది ఎవరు, ఎక్కడికి, ఏ పనికి, వాడికి ఏ కూర ఇష్టం, వాడి పెళ్లి చూపుల్లో ఎవరు అలిగారు, అన్నీ వచ్చేశాయి. నలుగురు ఒకేసారి చెబుతుంటే ఆమె రాసుకోలేక చేతులెత్తేసింది. నా చేతిలో ఎవరో సర్వపిండి పెట్టారు. మా అమ్మాయికి పెళ్లయిందా అని ఒకావిడ నన్ను అడిగింది. కాలేదని చెప్పగానే, ఇప్పుడే మస్కట్ విమానం ఎక్కబోతున్న కుర్రాడి తమ్ముడి గురించి చెప్పడం మొదలుపెట్టింది. వాళ్లు బోనాలవాళ్లు, ఈమె పాస్టరు కూతురు అని నేను గుర్తుచేయబోతే, "ముందుగాల పిల్లగాన్ని చూడనియ్యి," అని నన్నే కసిరింది.

ఆ గందరగోళంలోనే మా అమ్మాయి పెద్దమ్మను అడిగింది, పోయేది ఒక్కడే గదా, మీరిందరెందుకు వచ్చిన్రు అని.

పెద్దమ్మ మొహంలో అప్పటిదాకా ఉన్న నవ్వు కాస్త తగ్గింది. "ఒక్కన్ని ఒక్కడే పంపితే వాడు ఒక్కడే పోయినట్టుంటది గద బిడ్డా," అంది.

మా అమ్మాయి మళ్లీ పెన్ను అందుకుంది. ఆ మాటను అక్షరం మార్చకుండా రాసుకుంది.

ఆ తర్వాత రెండు నెలలు ఆమె వెళ్తూనే ఉంది, చాలా కుటుంబాలతో మాట్లాడింది. నా గదిలో కూర్చుని రాసింది. నేనామెకు చెప్పింది ఒకటే: ఎవరు ఏం చేశారో చెప్పు, ఆ తర్వాతే దాని అర్థమేమిటో చెప్పు. మొదట్లో ప్రతి పేరా చివరా ఉపదేశం వచ్చేది. 'కాబట్టి మనమందరము కుటుంబమును ప్రేమించవలెను' అని ఉంటే నేను పెన్సిల్‌తో గీత పెట్టేదాన్ని. "ఇది నీ ప్రాజెక్టు వల్ల తెలిసిందా, నీకు ముందే తెలుసా?" అనేదాన్ని. కాసేపు ఆలోచించి, "నాకు ముందే తెలుసు," అని ఆమే కొట్టేసేది. వేసవి వచ్చేసరికి ఆమె వాక్యాలు చిన్నవయ్యాయి, శుభ్రంగా నిలబడ్డాయి. చదువుతుంటే గడ్డి మీద మనమే కూర్చున్నట్టు ఉండేది. అది చూసి నాకెంత గర్వంగా ఉండేదో చెప్పలేను; నేను రాసినా అంత బాగా వచ్చేది కాదు.

చివరి ప్రతిని ఆమె శంషాబాద్ బస్టాండు దగ్గరి డీటీపీ సెంటర్లో ఇచ్చింది. అక్కడ టైపు చేసి, అట్టలేసి, బంగారు రంగు అక్షరాలతో బైండింగ్ చేసిస్తారు. మాకు తెలియనిదేమిటంటే, అదే సాయంత్రం మా విభాగాధిపతి కూడా తన పని మీద ఆ సెంటరుకు వెళ్లాడు. కంప్యూటర్ తెర మీద తన విద్యార్థిని ప్రాజెక్టు చూశాడు. 'చేశారు', 'చేశారు' అని కనిపించేసరికి ఆయన మనసు తరుక్కుపోయింది. పరీక్షకుడి ముందు పిల్ల పరువు పోతుందని భయపడ్డాడు. ఆపరేటర్‌తో, "చేశారు అని ఎక్కడుంటే అక్కడ చేయబడినది అని పెట్టు బాబూ," అన్నాడు. ఆపరేటర్ ఒక్క మీట నొక్కాడు. కంప్యూటర్ మొత్తం మార్చేసి, ఎన్నిచోట్ల మార్చిందో కూడా చెప్పిందట. పుస్తకం మా కంట పడకుండానే సెంటరు నుంచి నేరుగా కాలేజీకి చేరింది.

వైవా రోజు వచ్చిన పరీక్షకురాలు వరంగల్ వైపు పెద్ద ప్రొఫెసర్. సన్నగా, తెల్ల చీరలో, నవ్వనే నవ్వని మనిషి. మా అమ్మాయి ఎదురుగా నిలబడింది. విభాగాధిపతి, నేను గోడవారగా కూర్చున్నాం. ఆవిడ పుస్తకం మధ్యలో తెరిచి కాసేపు చదివింది. కళ్లద్దాలు తీసింది. మళ్లీ పెట్టుకుని పైకి చదివింది.

"'పార్కింగ్ పక్కన గడ్డి మీద పదకొండు మంది కుటుంబ సభ్యులు భోజనం చేయబడినది.'" తల ఎత్తింది. "ఎవరమ్మా వీళ్లను తిన్నది?"

మా అమ్మాయి మొహంలో రక్తం లేదు. ఆవిడ పేజీ తిప్పింది.

"'మనవడిని అందరూ ముద్దు చేయబడినది. పిల్లలు బాగా అల్లరి చేయబడినది.'" ఇంకో పేజీ. "'తాతగారు గేటు దగ్గర కాసేపు గొడవ చేయబడినది'... ఇది కూడానా?"

నాకు నేల చీలి అందులోకి పోవాలనిపించింది. పక్కకు చూశాను. విభాగాధిపతి గోడ గడియారాన్ని ఎంతో శ్రద్ధగా చూస్తున్నాడు. విషయం అప్పుడు నాకు అర్థమైంది.

"నేను గట్ల రాయలే మేడం," అంది మా అమ్మాయి.

"మరెట్లా రాశావో చెప్పు."

ఆమె పుస్తకం వైపు చూడలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, ఆదివారాలు చదివే ఆ గొంతుతో, కానీ తన మాటల్లో చెప్పడం మొదలుపెట్టింది. గడ్డి మీద ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరు వండుకొచ్చారు, విమానం లేచాక అందరూ ఎందుకు ఒకేసారి లేవరు, ఎవరు చివరిదాకా కూర్చుంటారు. పెద్దమ్మ మాట దగ్గరికి వచ్చినప్పుడు ఆమె ఆ యాసలోనే చెప్పింది. ఒక్కన్ని ఒక్కడే పంపితే వాడు ఒక్కడే పోయినట్టుంటది గద బిడ్డా.

పరీక్షకురాలు కళ్లద్దాలు మళ్లీ తీసింది. తర్వాత, "నేను మొదటిసారి ఢిల్లీ చదువుకు పోయినప్పుడు కాజీపేట స్టేషన్‌కి మా వాళ్లంతా వచ్చిన్రు," అంది. "నాకు ఒకటే సిగ్గు. కిటికీ మూసుకున్న." ఆ మాట అంటుంటే ఆవిడ భాష మారిపోయింది. వెంటనే సర్దుకుని పుస్తకం మూసి, "అన్ని 'బడినది'లూ తీసేసి వారంలో మళ్లీ ఇవ్వండి. పరిశోధన బాగుంది," అని సంతకం పెట్టింది.

బయటికి రాగానే విభాగాధిపతి నా దగ్గరికి వచ్చాడు. కోప్పడదామని నోరు తెరిచాను. ఆయన మొహం చూశాక కోపం పోయింది.

"పిల్లకు మంచి జరగాలనే చేశాను మేడం," అన్నాడు.

అన్నాళ్లలో ఆయన నోట ఎవరు చేశారో తెలిసేలా వచ్చిన వాక్యం నాకు తెలిసి అదే. ఆ వారం డీటీపీ సెంటరులో ఆయనే కూర్చుని, ఒక్కో 'చేయబడినది'నీ వెతికి మార్పించాడు. కొత్త బైండింగ్ కూడా ఆయనే చేయించాడు.

అమ్మాయి మంచి మార్కులతో పాసయింది. ఆ ఏడాదే బీఈడీలో చేరింది. తర్వాత తొండుపల్లి దగ్గర ఒక స్కూల్లో సోషల్ టీచరైంది. ఒకసారి బస్టాపులో కలిసి, "మా పిల్లలు ఏం రాస్తున్రో చూస్తే మీకు నవ్వాగదు మేడం," అంటూ సంచీలోంచి పరీక్ష పేపర్ల కట్ట తీసింది. బస్సులు రెండు పోయాయి. మేం అక్కడే నిలబడి చదువుకుంటూ ఉన్నాం.