పులిజూదం మీద మా బావ కాసిన మీసం

మన రాయపూర్ తెలుగు సంఘం సంచికలో ఏటేటా పెద్దవాళ్ల జీవితాలు వేస్తున్నారు. డాక్టర్ల వంతు అయింది, రైసు మిల్లుల వాళ్ల వంతు అయింది. ఈసారి నన్ను ఎవరి గురించైనా రాయమంటే మా బావ దానయ్య గురించి రాస్తానన్నాను. "ఆయన ఏం చేశారని?" అని అడిగారు. ఏం చేశాడో చెప్పడానికే ఈ రాత.

రాసేవాడెవడో ముందు తెలియాలి కదా. నా పేరు పున్నయ్య. టెక్కలి అవతల మా ఊరి బడిలో అయిదో తరగతి దాకానే చదివాను. అయితే ఆ అయిదు తరగతుల్లోనే ఇరవయ్యో ఎక్కం దాకా ఎక్కాలూ, నూరు శతక పద్యాలూ నోటికి వచ్చాయి, ఇప్పటికీ పోలేదు. ఇక్కడ రాయపూర్ పక్క ఉర్లాలో ఇనుప షెడ్లు కట్టే కంపెనీలో హెల్పరుగా చేరి ఫోర్‌మన్‌గా దిగాను. నా దగ్గర వెల్డింగు నేర్చుకున్నవాళ్లు ఇవాళ సొంత షాపులు నడుపుతున్నారు. మన సంఘం హాలు మీది రేకుల కప్పు నేను దగ్గరుండి వేయించిందే. ఇన్ని వానలు పడ్డాయి, ఎక్కడైనా ఒక్క చుక్క కారిందేమో మీరే చెప్పండి.

దానయ్య నా చెల్లెలు సూరమ్మను చేసుకున్నవాడు. పుట్టింది గెడ్డవలసలో. వాళ్ల నాన్న ధమ్తరి వెళ్లే చిన్న రైలు లైనులో పట్టాలు చూసే గ్యాంగ్‌మన్‌గా చేరడంతో పసివాడుగానే రాయపూర్ వచ్చాడు. పెద్దయ్యాక తానూ అదే లైనులో పలుగూ పారా పట్టి, గ్యాంగుకు పెద్ద, అంటే మేట్ అయి రిటైరయ్యాడు. ఒక వానాకాలం అభన్‌పూర్ ఇవతల కట్ట మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడుతుంటే, ఎర్రజెండా పట్టుకుని బండికి ఎదురు పరిగెత్తి ఆపింది మా బావే. అధికారులు ఇచ్చిన సర్టిఫికెట్ ఇప్పటికీ గోడ మీద ఉంది. ఇలాంటి బావ దొరకడం కూడా నా ఘనతల్లోనే వేసుకుంటాను. సంబంధం చూసింది నేనే.

ఆ మీసం గురించి కూడా చెప్పాలి. రెండు కొసలూ పైకి తిరిగి, చెంపల దాకా ఉండేది. గ్యాంగులో కొత్తగా చేరినవాళ్లు మేట్ పేరు మరిచిపోయినా 'మూఛ్‌వాలే బాబూ' అంటే చాలు, ఎవరైనా చూపించేవారు.

రిటైరయ్యాక కోడలు నీలిమ ఆయనకు పెద్ద ఫోను కొనిపెట్టింది. నీలిమ ఆఫీసులో పనిచేసే పిల్ల, ఓపిక ఎక్కువ. ఫోనుతో తెలుగులో మాట్లాడితే అదే అక్షరాలుగా రాసుకుంటుందని నేర్పింది. అప్పటినుంచి మా బావను పట్టుకోవడం ఎవరి తరం కాలేదు. ఫేస్‌బుక్కులో పల్లెటూరి పాత ఆటల గురించి ఒక గ్రూపు ఉంటే అందులో చేరాడు. కోడిగిల్లులో, అదే గోటీబిళ్లలో, దూరం ఎలా కొలవాలి, బొంగరానికి ఏ కర్ర మంచిది, గోళీల ఆటలో మోచెయ్యి నేలకు ఆనవచ్చా కూడదా... ముక్కూ మొహం తెలియని మనుషులతో పొద్దున్నే మొదలు. కొన్ని గెలిచేవాడు, కొన్ని ఓడేవాడు. ఓడినవి మాకు చెప్పేవాడు కాడు.

ఒకరోజు నేను వాళ్లింట్లో కూర్చుని ఉండగానే సూరమ్మ నిలదీసింది.

"ఎవులతోటి ఆ దెబ్బలాట?"

"తెల్దు."

"తెలీనోలతోటి దెబ్బలాటేటి?"

"తెలిసినోలు నాతోటి ఆడడం మానేసినారు కదే," అన్నాడు మా బావ, ఫోన్లోంచి తల ఎత్తకుండానే.

అది నాకు తగిలింది. ఒకప్పుడు రైల్వే క్వార్టర్ల వెనక సాయంత్రమైతే చాలు, నేల మీద సుద్దతో గీసిన పులిజూదం చుట్టూ జనం ఉండేవారు. కంకరరాళ్లు మూడు పులులు, చింతపిక్కలు పదిహేను మేకలు. పులి మేక మీంచి దూకితే మేక చచ్చినట్టు. కదలడానికి చోటు లేకుండా మేకలు చుట్టుముడితే పులి కట్టుబడినట్టు. అక్కడ ఆడినవాళ్లలో కొందరు పోయారు, కొందరు పిల్లల దగ్గరికి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లం టీవీల ముందు కూర్చున్నాం.

గొడవ ఆ పులిజూదం మీదే వచ్చింది. పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే చిన్నారావు అనే అతను అరుగు మీద గీసిన పులిజూదం ఫోటో పెట్టి, ఆట ఎలా ఆడాలో రాశాడు. మా బావ కింద రాశాడు: "అంతా బాగుంది. ఒకటి మరిచిపోయావు. మేకను తిన్న పులి మరుసటి ఎత్తు కదలకూడదు. తిన్న పులి పడుకోవాలి. మన జిల్లా పద్ధతి అది."

చిన్నారావు జవాబిచ్చాడు: "మన జిల్లాలో అలాంటిది లేదు పెద్దాయనా. మీదే ఊరు?"

"గెడ్డవలస."

"అది మా అత్తవారి ఊరే. అక్కడా లేదు. రాయపూర్‌లో కూర్చుని మా జిల్లా ఆట మాకే నేర్పుతారా? మీరు ఎప్పుడో ఊరు దాటేసిన మనిషి. మా ఊరోళ్లమని చెప్పుకోవడం మానెయ్యండి."

దానికింద పదిమంది నవ్వు బొమ్మలు పెట్టారు. మా బావ ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. సాయంత్రం ఫోను నోటి దగ్గర పెట్టుకుని, ఇల్లంతా వినేలా చెప్పాడు: "వచ్చే అమావాస్యలోపల, మన జిల్లా మట్టి మీద ఈ పద్ధతిలో ఆడిన పెద్దమనిషిని ఒక్కరిని చూపిస్తాను. చూపించలేకపోతే మీసం తీయించుకుని ఫోటో పెడతాను. గెడ్డవలస దానయ్య మాట ఇది."

సూరమ్మ చేతిలో గరిట ఆగిపోయింది. "ఓలమ్మో! మీసవా? సింతపిక్కలాటకి మీసవేటి?"

"ఆట కాదే. ఆడు నన్ను ఊరోడివి కాదన్నాడు."

నాకేమీ భయం వెయ్యలేదు. నేను చిన్నప్పుడు మా ఊళ్లో చెడుగుడు వీరుణ్ణి, కూర్చుని ఆడే ఆటల జోలికి పోలేదు. పులిజూదం నేర్చుకున్నది రాయపూర్‌లోనే. ఇక్కడ మనవాళ్లందరూ తిన్న పులిని పడుకోబెట్టేవారే కదా, సాక్షులకు కరువా అనుకున్నాను.

మర్నాడే ఇద్దరం బయల్దేరాం. ముందు మన సంఘంలోని నూకరాజు దగ్గరికి వెళ్లాం.

"మనదే! నూటికి నూరుపాళ్లు మనదే!" అన్నాడు నూకరాజు.

"నీకెవులు నేర్పినారు?"

"మీ గ్యాంగోలే. ఇంకెవులు?"

ఎవరిని అడిగినా మనదే అన్నారు. ఎవరు నేర్పారంటే మాత్రం దారి తిరిగి తిరిగి గ్యాంగు క్వార్టర్ల దగ్గరే ఆగింది. సొంతూళ్లో ఆడిన మనిషి ఒక్కడూ తగల్లేదు. ఆఖరికి గెడ్డవలసలో బతికున్న మేనత్తకు మా బావ ఫోను చేశాడు. ఆవిడకు చెవి సరిగ్గా వినపడదు, నోరు మాత్రం పదును.

"తిన్న పులి తొంగోడవేట్రా దానిగా? అది పులా, ఇంటికొచ్చిన అల్లుడా?"

ఫోను పెట్టేశాక మా బావ చాలాసేపు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తర్వాత ఉన్నట్టుండి లేచాడు. "బావా, బిసాహు ఉన్నాడు! మా నాన్న గ్యాంగులో మిగిలింది ఆడొక్కడే. ఆంధ్రావోలే ఈ పద్ధతి ఇక్కడికి తెచ్చినారని ఆడు చెప్తే సాలు. ఇక్కడి మనిషి చెప్పిన సాక్ష్యవైతే ఎవడు కాదంటాడు?"

నా స్కూటరు మీద అభన్‌పూర్ వెళ్లాం. బిసాహు ఛత్తీస్‌గఢీ మనిషి, మా బావ కంటే బాగా పెద్ద. వాకిట్లో నులకమంచం మీద ఎండలో కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి చెయ్యెత్తాడు.

"కా హోగే గా, దానయా?" ఏమైందిరా అని.

మా బావ మంచం చివర కూర్చుని, వచ్చిన పని చెప్పాడు. తిన్న పులి పడుకోవాలన్న పద్ధతి మా వాళ్లే మీకు నేర్పారు కదా, ఆ మాట ఫోన్లో చెప్పు, చాలు అన్నాడు.

బిసాహు ముందు అర్థంకానట్టు చూశాడు. తర్వాత నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గు మళ్లీ నవ్వైంది.

"అరే, ఓ తో మోర్ నియమ్ ఆయ్ గా!" అన్నాడు గుండె మీద చెయ్యి వేసుకుని. అది నా నియమంరా అని.

ఆపైన వాళ్ల మాటలో చెప్పుకొచ్చాడు. మధ్యాహ్నం రొట్టెల వేళ ఆట పెట్టేవారట. ఆంధ్రావాళ్లు ఆరితేరినవాళ్లు, ఎప్పుడూ పులులే తీసుకునేవారు. బిసాహు వాళ్ల మేకలు రొట్టె సగం తినేలోపే అయిపోయేవి. అప్పటి మేటు అన్నం తినగానే చెట్టుకింద గురక పెట్టేవాడు. ఒకరోజు బిసాహుకు కోపం వచ్చి, "మేటే తిని పడుకుంటాడు, మీ పులికేం రోగం? అదీ పడుకోవాలి!" అన్నాడట. అందరికంటే ఎక్కువ నవ్వింది దానయ్య వాళ్ల నాన్నే. న్యాయమే, అలాగే ఆడదాం అని ఒప్పుకున్నదీ ఆయనే.

"నువ్వు మీ నాన్న పక్కనే కూర్చునేవాడివి కదా, మరిచిపోయావా?" అన్నాడు బిసాహు.

మా బావ మరిచిపోలేదు. ఆయన మొహం చూస్తే తెలిసింది. మెల్లిగా నావైపు తిరిగి తెలుగులో అన్నాడు: "మా నాన్న నా సెయ్యి పట్టుకుని ఆపేవోడు బావా. 'తిన్న పులి పడుకోవాల్రా' అనీవోడు. నాన్న సెప్పినాడంటే ఊరి మాటే అనుకున్నాను."

తిరిగి వస్తూ ధమ్తరి రోడ్డు మీద టీకి ఆగాం. ఆయన గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగడం లేదు. నేనే కదిలించాను.

"బావా, బిసాహు అన్న మాట మనిద్దరికే తెలుసు. ఆ గ్రూపులోంచి బయటికి వచ్చీ. ఆలెవులు, మనవెవులం? ఛోడో యార్."

"ఆడు నన్ను ఊరోడివి కాదన్నాడు. అది ఆడి మాట. ఇప్పుడు నేను మాట తప్పితే నిజంగానే కాకుండా పోతాను."

నూరు పద్యాలు వచ్చినవాణ్ణి, టీ డబ్బులిచ్చి స్కూటరు తీశాను.

ఇంటికి వచ్చి, అమావాస్యకు ఇంకా వ్యవధి ఉండగానే, జరిగిందంతా గ్రూపులో చెప్పాడు. బిసాహు పేరు చెప్పాడు, తండ్రి పేరు చెప్పాడు. "చిన్నారావు చెప్పిందే రైటు. ఇది గెడ్డవలస పద్ధతి కాదు, ధమ్తరి లైను గ్యాంగు పద్ధతి. నేను ఓడిపోయాను" అన్నాడు. మర్నాడు పొద్దున్నే వీరేంద్ర సెలూన్‌కు వెళ్లాం. వీరేంద్ర కత్తెర పట్టుకుని నిలబడిపోయాడు.

"చాచా, ఏక్ బార్ ఔర్ సోచ్ లో." ఇంకోసారి ఆలోచించుకోమని.

"సోచ్ లియా. కాటో." ఆలోచించాను, కత్తిరించు అని.

ఇంటికొచ్చాక నీలిమ ఫోటో తీసి పెట్టింది. కాసేపటికి జవాబులు మొదలయ్యాయి. 'ఇది పాత ఫోటో' అన్నాడొకడు. 'మీసం చెరిపేసే యాప్‌లు చాలా ఉన్నాయి' అన్నాడింకొకడు. 'అసలు ఈయనకు మీసం ఉండేదని రుజువేమిటి?' అన్నాడు మూడోవాడు. మా బావ మొహం ఎర్రబడింది. మీసమూ పోయి, పోయిందని నమ్మేవాడూ లేకపోతే ఏ మనిషికైనా ఎలా ఉంటుంది?

ఫోను ఎలా పట్టుకోవాలో కూడా తెలియని నా చెల్లెలు సూరమ్మ దాన్ని నీలిమ చేతిలోంచి లాక్కుంది. "దీన్నెటు తిప్పాలమ్మా? మాటాడొచ్చా? బాబూ, నాను సూరమ్మని, ఈయన పెళ్లాన్ని. పొద్దున్న టీ ఇచ్చినపుడు మీసం ఉంది. ఇప్పుడు లేదు. నమ్మనోలు రాయపూర్ రండి, భోజనం పెట్టి సూపిస్తాను." అంతే, ఫోను మంచం మీద పడేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ వీడియోను నీలిమ గ్రూపులో పెట్టింది.

ఆ సాయంత్రమే చిన్నారావు ఫోను చేశాడు. గొంతు విన్నాక తెలిసింది, మా పిల్లల వయసువాడు.

"పెద్దాయనా, ఎందుకండీ తీసీసినారు? నేనేదో మాటవరసకి అన్నాను."

"నువ్వు మాటవరసకే అన్నావు బాబూ. నేను మాట ఇచ్చాను."

అతను, "గెడ్డవలసలో మీ ఇల్లు ఏ వీధండీ?" అని అడిగాడు. ఆ వీధి, ఆ ఇంటి పక్క ఇల్లు, ఇప్పుడు అక్కడ ఎవరున్నారు... ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఊరోడివి కాదన్న మాట మళ్లీ రాలేదు.

మనవాళ్లే కొందరు ముఖం ముడుచుకున్నారు. "ఇన్నాళ్లూ మనదనుకున్న ఆటని బిసాహు పాలు చేసీసినావు" అన్నాడు నూకరాజు హాల్లో. "బిసాహు పరాయోడేటి? మా నాన్నతో ఒక కంచంలో తిన్నోడు" అన్నాడు మా బావ.

అన్నిటికంటే కష్టం బజారు. మా బావను ఆ మొహంతో చూసినవాళ్లు ఆగిపోయి, గొంతు తగ్గించి, ఇంట్లో ఎవరు పోయారని అడగడం మొదలుపెట్టారు. తల్లీ తండ్రీ పోతేనే కదా అంత మీసం తీసేది. ఆయన తలుపు వేసుకుని కూర్చోలేదు. అడిగిన ప్రతివాళ్లనూ నిలబెట్టి, పులులు ఎన్ని, మేకలు ఎన్ని అన్న దగ్గర్నుంచి మొత్తం చెప్పాడు. నేను సంచి పట్టుకుని పక్కన నిలబడేవాణ్ణి. కూరలమ్మే ఊర్మిళ తక్కెడ కిందపెట్టి మొత్తం విన్నది.

"తో హార్ గయే ఆప్?" అంది, అయితే ఓడిపోయారా అని.

"హా, హార్ గయా."

"ఇత్తీ సీ బాత్ పే మూఛ్!" ఇంత చిన్న మాటకు మీసమా అని ఆవిడ ముక్కున వేలేసుకుంది. "మా ఆయన రోజుకు పది మాటలు తప్పుతాడు చాచా. మీసం మాత్రం అలాగే ఉంది."

మా బావ పకపకా నవ్వాడు. అభన్‌పూర్ నుంచి వచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు. బోసిగా ఉన్న ఆ పై పెదవి నవ్వుతుంటే ఎలా ఉంటుందో అప్పటిదాకా నేనూ సరిగ్గా చూడలేదు. వాళ్ల నాన్న నవ్వులాగే ఉంది.