తార్నాక ఇంట్లో వాన వినిపించే జాజ్ రికార్డు

నాకు పాత రికార్డుల పిచ్చి ఉందని ఈ బ్లాగు చదివేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. హన్మకొండలో మందుల షాపు నడుపుకుంటూ, షట్టర్ దించాక ఇంటికెళ్లి జాజ్, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం ఎల్పీలు పెట్టుకుని వినే మనిషిని మా ఊళ్లో నన్ను తప్ప ఇంకొకరిని చూపిస్తే, వాళ్లకు నా ఖర్చుతో బిర్యానీ. ఇంతవరకూ ఎవరూ గెలవలేదు. ఆన్‌లైన్‌లో కొనడం నాకు పెద్దగా పడదు. రికార్డు ఎవరింట్లో ఉందో, ఎవరు విన్నారో తెలియకుండా కొనడమంటే సంబంధం చూడకుండా పెళ్లి చేసుకున్నట్టు ఉంటుంది. అందుకే ఎక్కడ పాత రికార్డులున్నాయని తెలిసినా సంచి భుజాన వేసుకుని బయల్దేరతాను.

ఈసారి కబురు మా రికార్డుల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. తార్నాకలో కరుణమ్మ టీచరుగారనే ఆవిడ, చనిపోయిన తన భర్త సేకరించిన రికార్డులను ఒక్కొక్కటిగా ఇచ్చేస్తున్నారట. ఏ రికార్డైనా మూడు వందలే. కానీ ఒక షరతు. కొనదలచిన రికార్డులో ఒక వైపు మొత్తం ఆవిడ ఎదురుగా కూర్చుని వినాలి. మధ్యలో మాట్లాడినా, ఫోన్ చూసినా అంతే, మజ్జిగ ఇచ్చి సాగనంపుతారు. మా గ్రూపులో ఇద్దరు అలా మజ్జిగ తాగి వచ్చారు. ఒకాయన పియానో కచేరీ నడుస్తుండగా ఫోన్‌లో ధర వెతికాడు. ఇంకొకాయన కాఫీ షాపు గోడకు అట్టలు అందంగా ఉంటాయన్నాడు. ఆ కలెక్షన్‌లో జపాన్‌లో అచ్చయిన జాజ్ రికార్డు ఒకటుందని, అది ఇంకా అక్కడే ఉందని వాళ్లే చెప్పారు. వాళ్లు పెట్టిన అట్ట ఫోటో చూడగానే నాకు నిద్ర పట్టలేదు. జపాన్ రికార్డుల ధ్వని ఎంత శుభ్రంగా ఉంటుందో విన్నవాళ్లకు తెలుసు. మౌనంగా కూర్చుని వినడమే పరీక్ష అయితే అందులో నన్ను మించినవాళ్లు లేరు. ఆ రికార్డు నాదే అనుకుని బయల్దేరాను.

రెండో శనివారం పొద్దున్నే కాజీపేటలో రైలెక్కాను. సికింద్రాబాద్‌కు రెండు గంటల పైచిలుకు ప్రయాణం. ముందుగా రిజర్వేషన్ చేయించుకుంటే నూటపాతిక లోపే అవుతుంది, జనరల్ బోగీలో ఇంకా తక్కువ. స్టేషన్ బయటే మెట్రో ఉంది. నాగోలు వైపు వెళ్లే బండెక్కితే మెట్టుగూడ తర్వాత తార్నాకే. కొత్తగా వెళ్లేవాళ్లు ఆటో కోసం చూడకండి, మెట్రో చవక, త్వరగానూ చేరుస్తుంది. టీచరుగారు పదకొండు తర్వాత రమ్మన్నారు. చాలా టైముంది కాబట్టి స్టేషన్ కింద ఆటో మాట్లాడుకుని యూనివర్సిటీ క్యాంపస్‌కు వెళ్లాను. టీచరుగారి భర్త దేవసహాయంగారు అక్కడి లైబ్రరీలోనే పని చేసి రిటైరయ్యారు.

ఆటో నడిపే అతను నా చదరపు సంచిని అద్దంలోంచి చూస్తూ పెయింటింగులా అని అడిగాడు. పాటల రికార్డుల కోసం తెచ్చానన్నాను.

"ఫోన్ల అన్ని పాటలు వస్తయి గద మేడం. మళ్ల గివెందుకు?"

ఫోన్‌లో పాట వస్తుంది, రికార్డు దగ్గరికి మనం వెళ్లాలి అన్నాను గొప్పగా. అయితే మీకు ఖర్చు ఎక్కువ అన్నాడు. అది నిజమే. క్యాంపస్ లోపల పాత రాతి భవనం దాకా యాభై రూపాయలు తీసుకున్నాడు.

ఫిబ్రవరిలో ఆ రోడ్లు నడవడానికి హాయిగా ఉంటాయి. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు చెట్ల కింద పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. ఒక్కరు కూడా తలెత్తి చూడలేదు, నాకు ముచ్చటేసింది. మాణికేశ్వర్ నగర్ వైపు వెళ్లే దారిలో ఒక క్యాంటీన్ ఉంది. అక్కడ ఉప్మా, చాయ్ తీసుకున్నాను, రెండూ కలిపి నలభై లోపే. చాయ్ పోసే ఎల్లయ్య అక్కడ చాలా కాలంగా ఉన్నవాడిలా కనిపిస్తే, లైబ్రరీ దేవసహాయంగారు తెలుసా అని అడిగాను.

"సారు ఎందుకు ఎర్కలేదమ్మా. రోజు పొద్దుగాల గీడికే వస్తుండె. చాయ్ తాగేదాంక ఊకుంటుండె, తాగినంక ఈల మొదలు. ఒక్కటే పాట. మస్తు నిదానంగ ఉంటుండె, ప్రార్థన లెక్క. ఇని ఇని నాక్కూడ వచ్చింది."

గిన్నె కడుగుతూనే రెండు వరుసలు ఈల వేసి వినిపించాడు. నిజంగానే బరువైన పాట. ఏ చర్చి పాటో అనుకున్నాను.

తార్నాకలో చిరునామా వెతకడం తేలిక. సందులకు నంబర్లుంటాయి. క్యాంపస్ గేటు దగ్గర షేర్ ఆటో ఎక్కి, దిగి, రెండు సందులు నడిస్తే టీచరుగారి ఇల్లు. కింది వాటాలో ఆవిడ, పైన రీసెర్చి చేసుకునే పిల్లలు. తెనాలి వైపు నుంచి ఇక్కడికి స్కూలు ఉద్యోగానికి వచ్చి స్థిరపడిపోయారట. తెల్ల చీర, మెడలో సన్నటి సిలువ గొలుసు, క్లాసులో వెనక బెంచీకి కూడా వినిపించే గొంతు. నా సంచి చూడగానే ఆవిడకు సంగతి అర్థమైపోయింది.

"కూర్చోమ్మా. ముందు మజ్జిగ తాగు. రికార్డు ప్లేట్లు ఎక్కడికీ పోవు."

మజ్జిగ ముందే ఇచ్చేసరికి అప్పుడే ఓడిపోయాననుకున్నాను. అందరికీ ముందు ఒకసారి, ఓడినవాళ్లకు ఇంకోసారి ఇస్తారని తర్వాత తెలిసింది.

ముందు గదిలో గోడ పొడవునా చెక్క అర. రికార్డులన్నీ నిలువుగా, ఒకదానికొకటి ఆనీ ఆనకుండా ఉన్నాయి. ఎండ పడే కిటికీకి మందపాటి తెర. దేవసహాయంగారు ఎంత జాగ్రత్తపరులో ఆ గది చూస్తే తెలిసిపోయింది. ఇన్ని మంచి రికార్డులు ఎందుకు ఇచ్చేస్తున్నారని అడిగాను. తన తర్వాత ఇవి పాత సామాన్ల బండి ఎక్కకూడదన్నారు. అంబర్‌పేట్‌లో ఉండే కూతురికి వీటి మీద ఆసక్తి లేదట. ఒక్కొక్క ప్లేటు వినేవాళ్ల చేతికి వెళ్లాలి, ఆ చెవి ఎలాంటిదో నేను చూడాలి, అంతే అన్నారు.

మొదట, వయొలిన్‌కు పెద్దన్నలాంటి సెల్లో వాయిద్యం రికార్డు ఒకటి తీశాను. ఆవిడ ప్లేయర్ ముల్లు దించి, నా ఎదురుగా కుర్చీలో కూర్చుని రికార్డును కాకుండా నన్ను చూడసాగారు. ఎవరైనా మన మొహంలోకి అలా చూస్తుంటే పాట వినడం ఎంత కష్టమో కూర్చుంటే గాని తెలియదు. అయినా నాకు సెల్లో అంటే ప్రాణం, కాసేపటికి ఆవిడ ఉన్న సంగతే మరిచిపోయాను. ఒక వైపు అయిపోయాక తల ఊపి, రికార్డు నా పక్కన పెట్టారు. తర్వాత పియానో రికార్డు, అదీ నెగ్గాను. ఇక ధైర్యంగా జపాన్ రికార్డు అడిగాను.

ఆవిడ మొహం మెత్తబడింది. క్యాంపస్‌లో కొన్నాళ్లు జపనీస్ నేర్పిన ఒక పంతులుగారు ఊరెళ్లిపోతూ దేవసహాయంగారికి దాన్ని కానుకగా ఇచ్చారట. ఇంట్లో ఉన్న జాజ్ అదొక్కటే. ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చి భోంచేశాక ఆయన అదే పెట్టేవారట.

"ఆయనకిది ప్రాణం. చివర్లో వాన పడుతుంది, చూడు. ఆ వాన ఆగేదాకా నువ్వు కదలకుండా వింటే ప్లేటు నీదే."

ముల్లు దిగింది. శాక్సఫోన్ మొదలైంది. ఎల్లయ్య ఈల వేసిన పాట అదే. బరువుగా, ఈడ్చుకుంటూ నడుస్తోంది. మొదట బాగానే ఉందనుకున్నాను. కాసేపటికి నా చెవికి ఏదో తేడా కొట్టింది. డ్రమ్ముల మీది తాళాలు మోగిన ప్రతిసారీ ఆ మోత బద్ధకంగా సాగుతోంది. పియానో మెట్లు నిద్రమత్తులో ఉన్నట్టున్నాయి. శాక్సఫోన్ గొంతు జలుబు చేసినట్టు లావుగా ఉంది. చివరికి వాన వచ్చింది. టపటపమని పెద్ద చినుకులు, కుండపోత. టీచరుగారు కళ్లు మూసుకున్నారు. ఆ వాన వింటుంటే నాకు సంగతి పూర్తిగా అర్థమైపోయింది. అది వాన కాదు. కచేరీ అయ్యాక జనం కొట్టిన చప్పట్లు. రికార్డు తప్పు వేగంతో తిరుగుతోంది.

రికార్డులు వినేవాళ్లందరికీ చిన్నప్పటి నుంచి ఒక లెక్క ఉంటుంది. పెద్ద ప్లేటు ముప్పై మూడు, చిన్న ప్లేటు నలభై ఐదు. అంటే నిమిషానికి అన్ని చుట్లు. ఈ దేశంలో అది దాదాపు ఎప్పుడూ తప్పదు. అందుకే ఎవరూ లేబుల్ చదవరు. కానీ జపాన్ వాళ్లు ధ్వని ఇంకా బాగుండాలని కొన్ని పెద్ద ప్లేట్లనూ నలభై ఐదు మీదే చేశారు. ఆగిపోయిన రికార్డు లేబుల్ వంక చూశాను. అంతా జపనీస్ అక్షరాలు. వాటి మధ్య చిన్నగా నలభై ఐదు అంకె.

టీచరుగారు కళ్లు తుడుచుకుని, నెగ్గావమ్మా, ఇది నీదే అన్నారు.

ఇక్కడ నిజం చెప్పాలి. నోరు మూసుకుని మూడు రికార్డులూ సంచిలో వేసుకుంటే చాలు, నేను కోరుకున్నది నాదైపోయేది. పైగా చెబితే ఆవిడ మనసు విరిగిపోతుందేమో. భర్త అంత ఇష్టంగా విన్న పాట అసలైన పాట కాదని ఎవరో పొరుగూరి మనిషి వచ్చి చెప్పడం ఏం మర్యాద? ఆ వాన ఆవిడకు మిగిలితే ఎవరికి నష్టం? ఇవన్నీ అనుకున్నాను. కానీ ఆ కచేరీలో అంత హుషారుగా వాయించిన మనుషులు ఆ ఇంట్లో ఇన్నేళ్లూ నీరసంగా వాయిస్తూనే ఉన్నారన్న ఆలోచన నన్ను కూర్చోనివ్వలేదు. వినడం వచ్చని ఇంత గొప్పలు పోయేదాన్ని, విన్నది దాచిపెట్టుకుని ఎలా పోతాను?

"టీచరుగారూ, దీన్ని నలభై ఐదు మీద పెట్టి వినాలి."

"పెద్ద ప్లేటుకి నలభై ఐదేంటమ్మా? నాకీ మెషీన్ నేర్పిందే ఆయన."

లేబుల్ చూపించాను. అంకెను చాలాసేపు చూశారు. కోపం వచ్చిందనుకుంటా. చివరికి, పెట్టు అన్నారు.

మీట నలభై ఐదుకు జరిపి ముల్లు దించాను. ఏం చెప్పమంటారు? శాక్సఫోన్ ఒక్కసారిగా గదిలోకి దూకింది. తాళాలు గలగలలాడాయి. పియానో ఆయన ఎవరో గాని పరుగో పరుగు. అది ప్రార్థనేమీ కాదు, నాట్యమాడించే పాట. టీచరుగారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. ఆవిడను బాధపెట్టానేమోనని నాకు భయం వేసింది. సగం దాటాక చూస్తే, చీర అంచు కింద ఆవిడ పాదం తాళం వేస్తోంది. చివర్లో వాన రాలేదు. చప్పట్లు వచ్చాయి, మధ్యలో ఎవరో ఈల వేశారు, ఒకావిడ పకపకా నవ్వింది.

టీచరుగారు లేచి ముల్లు పైకెత్తారు. ఆయన ఉంటే ముందు ఒప్పుకునేవారు కాదట. నీతో గంటసేపు వాదించేవారు, ఆ తర్వాత నవ్వి నవ్వి ఆయనకి పొలమారేది అన్నారు. అలా చెబుతూ తానే నవ్వారు, కళ్లలో నీళ్లతోనే. నా మనసు తేలికపడింది. ఆవిడ రికార్డు తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, అట్టలో పెట్టారు. నేను సంచి జిప్పు తెరిచి పట్టుకున్నాను. ఆవిడ నన్ను దాటుకుని వెళ్లి, దాన్ని అరలో పెట్టేశారు.

"ఇది ఇవ్వనమ్మా. నేనింకా దీన్ని విననే లేదు కదా."

మధ్యాహ్నం తార్నాక మెయిన్ రోడ్డు మీద మెస్సులో భోంచేశాను. తొంభై రూపాయలు, పప్పు బాగుంది, రద్దీ ఎక్కువ. ఎదురుగా కుర్చీలో సెల్లో, పియానో రికార్డులున్న సంచి. నాకు ఏడుపొచ్చేంత నిరాశగా ఉంది. జపాన్ రికార్డు కోసమే అంత దూరం వెళ్లాను, పరీక్షలో నెగ్గాను కూడా. అయినా తిరుగు మెట్రోలో కూర్చున్నప్పటి నుంచి, ఆ ఇంట్లో వచ్చే ఆదివారం భోజనాల తర్వాత ఏమవుతుందా అన్న ఆలోచనే. మళ్లీ అలాంటి పరిస్థితి వస్తే మళ్లీ చెప్పేస్తాను, అందులో నాకు అనుమానం లేదు. రికార్డు సేకరించడమంటే దాన్ని మన ఇంటికి తెచ్చుకోవడమే అనుకునేదాన్ని. ఈసారి దాన్ని ఉన్నచోటే వినిపించి వచ్చాను. మంచి పనే చేశాను.

మీరు ఆ దారిన వెళ్లేట్టయితే ఒకటే సలహా. ఎండాకాలం వద్దు, సంచిలో రికార్డులు వంకర్లు పోతాయి. అది చిన్న సంగతి, అసలు సలహా ఇది. పెద్ద ప్లేటైనా సరే, ముల్లు దించే ముందు లేబుల్ మీద వేగం చూడండి. నలభై ఐదని ఉండి, ఆ ఇంటివాళ్లు దాన్ని ముప్పై మూడు మీదే వింటున్నారనుకోండి, చెప్పేయండి. రికార్డు మీ చేతికి రాదు. అయినా చెప్పండి.