ఖాళీ వీపుతో ప్యో అన్నయ్య

మా కొండ పైకి గ్యాసు బండలు, బియ్యం బస్తాలు, మంచినీళ్ళ డబ్బాలు అన్నీ నలభై ఏళ్ళపాటు ఒక్క మనిషి వీపు మీదే ఎక్కాయి. ఆయన పేరు ప్యో గిల్నామ్. వయసులో నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్ద, నేను అన్నయ్యా అంటాను. జిగే అనే చెక్క మోత చట్రాన్ని వీపుకు తగిలించి, దాని మీద తనకన్నా ఎత్తుగా సరుకు కట్టి, చేతికర్ర ఆనించుకుంటూ మా దుకాణం ముందునుంచే ఎక్కేవాడు. మొదట యాత్రికుల బసకు, అక్కణ్ణుంచి ఇంకో గంట నడిచి మ్యోహే అమ్మగారి మఠానికి. ఆ సన్యాసినమ్మ అంత ఎత్తున ముప్పై ఒక్క ఏళ్ళు ఒంటరిగా ఉండగలిగారంటే, అన్నయ్య వారానికోసారి బియ్యం చేరవేశాడు కాబట్టే.

నాది కొండెక్కేవాళ్ళకి బూట్లు, కర్రలు, బ్యాగులు అమ్మే కొట్టు. వాగు పొంగిన ఏడాది నీళ్ళు గుమ్మం దాటి లోపలికొస్తుంటే, నేను కౌంటరు మీద నిలబడి ఏడుస్తున్నాను. అన్నయ్య ఎవరూ పిలవకుండానే వచ్చాడు. నా కొట్లో సరుకు నాలుగు విడతల్లో బడి మిట్ట మీదికి మోశాడు. ఐదో విడతకి తిరిగొచ్చేసరికి కొట్టునే వాగు ఊడ్చుకుపోయింది. ఈ రోజు నేను అన్నం తింటున్నానంటే ఆ నాలుగు విడతల పుణ్యమే.

రెండేళ్ళ కిందట సరుకు పైకి పంపడానికి తీగబండి వచ్చింది. అప్పటికే అన్నయ్య మోకాళ్ళు చెప్పిన మాట వినడం మానేశాయి. అమ్మగారికి డెబ్భై ఎనిమిది నిండాయి, ఆవిడా కొండ దిగి దక్షిణాన హేనామ్‌లో చిన్న గుడికి వెళ్ళిపోయారు. పోయిన శరదృతువులో అక్కణ్ణుంచి ఉత్తరం వచ్చింది. "ఒక్కసారి ఖాళీ వీపుతో రా. మీ ఆవిణ్ణి కూడా తీసుకురా" అని రాశారు.

ఉత్తరం పట్టుకుని మొగుడూ పెళ్ళాం ఇద్దరూ మా కొట్టుకి వచ్చారు.

"చెల్లెమ్మా, పెద్ద బ్యాగొకటి చూపించు. అన్నిటికన్నా పెద్దది" అన్నాడు అన్నయ్య.

"ఎందుకయ్యా పెద్దది? బట్టలకి అమ్మాయి చక్రాల పెట్టె ఇచ్చిందిగా" అంది జొంగ్రే వదిన. తర్వాత నా వైపు తిరిగి, "చిన్నది కావాలి యాంగ్‌హీ. మడిస్తే ఆ పెట్టెలో ఓ మూల పడుండాలి, అక్కడ గుళ్ళూ గోపురాలూ తిరిగేప్పుడు తీసి తగిలించుకోవాలి. ఇంటికొచ్చాక సంతకీ, ఊళ్ళో స్నానశాలకీ పనికిరావాలి. మేకుకి వేలాడేసి చూసుకునేది నాకొద్దు" అంది.

నేను గుప్పిట్లో పట్టే చిన్న మూట ఒకటి తీసి విప్పాను. అది బ్యాగయింది. అన్నయ్య దాన్ని వేలితో ఎత్తి వెలుతురుకి పెట్టి చూశాడు.

"ఇది బ్యాగా, ఉల్లిపొరా?"

"రెండు కోడిగుడ్ల బరువు కూడా ఉండదన్నయ్యా."

"అదే చెప్తున్నా. దీన్ని తగిలించుకుంటే గాలికి నేనే ఎగిరిపోతాను."

"గ్యాసు బండలు మోసిన మొనగాడు గుడ్డ పీలికని చూసి జడుసుకుంటున్నాడు" అంది వదిన.

ఆ మాటకి అన్నయ్యకి పౌరుషం వచ్చింది. నా ఫ్రిజ్‌లోంచి ఆరు నీళ్ళ సీసాలు తీసి అందులో వేసుకుని, బస్టాపు దాకా నడిచొచ్చాడు. వచ్చి తల అడ్డంగా ఊపాడు. "పట్టీలు తాళ్ళలా ఉన్నాయి. గంట నడిస్తే భుజం కోసేస్తాయి."

రెండోదానికి పట్టీలు వెడల్పే. ఈసారి బస్టాపు దాకా కూడా పోలేదు, గుమ్మం దగ్గరే తిరిగొచ్చాడు. "ఇది పిర్రల మీద ఊగుతోంది చెల్లెమ్మా. బరువు కిందికి జారితే మనిషిని వెనక్కి గుంజుతుంది. బరువెప్పుడూ మెడ కింద, రెక్కల నడుమ కూర్చోవాలి. పట్టీ పొట్టిగా చేద్దామంటే దీనికి ఆ వీలే లేదు."

ఇరవై ఆరేళ్ళుగా బ్యాగులు అమ్ముతున్నాను. రంగు, ధర, ఎన్ని లీటర్లు పడుతుందీ ఇవే చెప్పేదాన్ని. బరువు ఎక్కడ కూర్చుంటుందో నన్ను ఎవరూ అడగలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు.

మూడోది పండిన పెర్సిమన్ పండులా ఎర్రటి నారింజ రంగుది. అన్నయ్య ముందు దాన్ని తిరగేసి లోపలి కుట్లు చూశాడు. పట్టీ వీపుకి అతికేచోట రెండు చేతులా పట్టి గుంజాడు. కుట్టు కదల్లేదు. "ఇక్కడ మూడు వరసలు కుట్టారు. కుట్టినవాళ్ళకి మోత తెలుసు" అన్నాడు. పట్టీలు నాలుగు వేళ్ళ వెడల్పు, లాగితే పొట్టవుతాయి. రొమ్ము మీద బిగించుకునే బకిల్ ఉంది. వంగినా పక్క జేబులోంచి సీసా జారలేదు. మీద నీళ్ళు చల్లితే తామరాకు మీద చల్లినట్టు దొర్లిపోయాయి.

"అంతా బానే ఉంది. ఈ వయసులో ఈ రంగేమిటి?" అని నసిగాడు.

"మంచిదే. పొగమంచులో తప్పిపోతే దొరుకుతావు" అంది వదిన.

దాన్ని తిరిగి దాని జేబులోకే మడవడం మాత్రం ఆయన మొద్దు వేళ్ళకి చేతకాలేదు. మూడుసార్లు దూర్చాడు, మూడుసార్లూ ఓ కొస బయటికొచ్చింది. వదిన పొట్ట పట్టుకుని నవ్వింది. చివరికి నవ్వుతూనే ఆవిడే మడిచి చేతిసంచీలో వేసుకుంది.

హేనామ్‌లో జరిగింది వదిన తిరిగొచ్చాక మా కొట్లో కూర్చుని చెప్పింది.

అమ్మగారు గుడి గుమ్మం దాకా ఎదురొచ్చారట. పలకరింపు కన్నా ముందు అన్నయ్య భుజం పట్టి వెనక్కి తిప్పి, వీపు మీది ఆ చిన్న బ్యాగు చూశారట. "ఇంతేనా?" అన్నారట. "ఇంతేనమ్మా" అన్నాడట అన్నయ్య. ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వుకున్నారట.

మూడు రోజులున్నారు. మొదటిరోజు తెల్లారేసరికి అన్నయ్య కట్టెలు చీలుస్తూ కనబడితే, అమ్మగారు గొడ్డలి లాక్కుని వెళ్ళి తన గదిలో పెట్టుకున్నారు.

వీళ్ళు తిరుగు ప్రయాణమయ్యే రోజు పొద్దున ఆవిడ పెరట్లోకి వెళ్ళి నిమ్మజాతి యూజా పళ్ళు కోశారు. చలికాలం టీకి పనికొస్తాయని బ్యాగు నిండా నింపి, తీరా దాన్ని తన వీపుకే తగిలించుకున్నారు. అన్నయ్య కంగారుపడి చెయ్యి చాచాడు.

"ఇటివ్వండమ్మా, మీరేంటి మొయ్యడం!"

"ముప్పై ఒక్క ఏళ్ళు నువ్వు తెచ్చిన బియ్యం తిన్నాను గిల్నామ్. మంచు పడితే ఆలస్యమైందే గానీ, రాకపోవడం ఒక్కనాడూ లేదు. బస్టాపు దాకా నన్ను మొయ్యనీ" అన్నారావిడ.

దిగువకి కిలోమీటరు దారి. ముందు అమ్మగారు, వెనక వీళ్ళిద్దరూ. "ఆయన చేతులకేం చెయ్యాలో తెలీలేదు యాంగ్‌హీ. కాసేపు వెనక్కి కట్టుకున్నాడు, కాసేపు జేబుల్లో పెట్టాడు, మళ్ళీ తీశాడు" అంది వదిన.

కాస్త దూరం పోయాక అన్నయ్య ఉండబట్టలేక, "అమ్మగారూ, ఆగండి" అన్నాడట. దగ్గరికెళ్ళి రెండు పట్టీలూ పైకి లాగి పొట్టి చేసి, రొమ్ము మీది బకిల్ ఎలా బిగించాలో చూపించాడు. పళ్ళ బరువు ఆవిడ రెక్కల నడుమకి చేరింది.

"అబ్బ! ఇప్పుడు తేలికైంది. ఇదన్నమాట నీ రహస్యం" అన్నారట అమ్మగారు.

అన్నయ్య రోడ్డు పక్కకి తిరిగి ముక్కు చీదుకున్నాడట. బస్సు వచ్చేదాకా ఆవిడ బ్యాగు దించలేదు. బస్సు కదిలాక అన్నయ్య దాన్ని ఒళ్ళో పెట్టుకుని, పడమటి రేవు పట్నం మోక్పో వచ్చేదాకా కింద పెట్టలేదట.

ఆ రోజు మధ్యాహ్నమే నాకు మోక్పోనుంచి ఫోను చేశాడు.

"చెల్లెమ్మా, మా కుక్కకి ఇంకో రెండ్రోజులు అన్నం పెడతావా?"

"పెడతాలే. ఏమైందన్నయ్యా, బస్సు దొరకలేదా?"

"అది కాదు. మన వైపు పొద్దు సముద్రంలోంచి లేస్తుందిగా, ఇక్కడ సముద్రంలోకే దిగుతుందట. మీ వదిన చూడాలంటోంది."

"నేనెక్కడన్నాను! తనే!" అని వెనకనుంచి వదిన అరుస్తోంది.