కారులో వచ్చిన కాలేజీ

"అమ్మం అంటె అమ్మం! ఎన్నిసార్లు చెప్పాలె? కారు మలుపుకోని పోండ్రి!"

"అవ్వా, మేం భూమి కోసం రాలే. జర మా మాట ఇను."

"అందరు గట్లనే అంటరు. మొన్న ఒకాయన దూపైతున్నది, నీళ్ళియ్యమన్నడు. తాగి, మూతి తుడుసుకోని, ఎకరం ఎంతకిస్తవన్నడు. మీకు నీళ్ళు గూడ లెవ్వు."

"నీళ్ళు వద్దు, ఏమొద్దు. నీ మనుమరాలు ఉన్నదా ఇంట్ల?"

"అబ్బో! ముసల్ది ఇస్తలేదని పోరిని అడుగుతరా?"

నా తప్పేమీ లేదు. మొయినాబాద్ చుట్టుపక్కల ఊళ్ళలో ముక్కూ మొహం తెలియని కారు ఇంటి ముందు ఆగిందంటే అది భూమి బేరానికే. మా సురంగల్‌లోనైతే వారానికి ఒకటైనా వస్తుంది. చల్లగా మాట్లాడేవాళ్ళు, అవ్వా అవ్వా అంటూ కాళ్ళకు దండం పెట్టేవాళ్ళు, అందరినీ చూశాను. అందుకే ఆ రోజు కారు దిగిన నూలు చీర ఆవిడనూ, ఆమె వెంట ఉన్న పిల్లనూ వాకిలి దాటనివ్వలేదు. చీపురు అడ్డం పెట్టి నిలబడ్డాను.

ఆవిడ ఇంకో అడుగు ముందుకు వేయకుండా అక్కడినుంచే చెప్పింది. "నేను చేవెళ్ల డిగ్రీ కాలేజీల పాఠాలు చెప్త అవ్వా. నీ మనుమరాలు నెల దినాలసంది కాలేజీకి వస్తలేదు. ఎందుకు వస్తలేదో అడిగి పోదామని వచ్చిన."

చీపురు కిందికి దించాను. నేను రెండో తరగతిలో బడి మానేసినప్పుడు ఎందుకు మానేశావని అడగడానికి ఎవరూ రాలేదు. పొలానికి పోయే దారిలో పంతులు ఎదురుపడినా అడగలేదు. మా పిల్ల కోసం కాలేజీయే కారెక్కి వచ్చిందా! ఆ సంబరం పైకి కనిపించనివ్వకుండా, "చెప్పులు అక్కడ ఇడిసి కూసోండ్రి" అన్నాను.

కొడుకూ కోడలూ ఆ పూట ఎంకపల్లిలో చుట్టాల ఇంటికి వెళ్ళారు. ఉన్నా ఒకటే, మా ఇంట్లో ఏ మాటైనా నేను అన్నాకే ఖాయమవుతుంది. మనుమరాలు కాలేజీ మానేస్తానన్నప్పుడు ఎందుకని అడిగాను. నేల చూపులు చూసింది. మళ్ళీ అడిగాను. కడుపు నొప్పి అంది. ఆ నొప్పి కాలేజీ బస్సు వేళకే వచ్చి, బస్సు వెళ్ళిపోగానే తగ్గిపోయేది. ఖాళీగా కూర్చునే మనిషి మా ఇంట్లో లేదు, ఇకమీద ఉండదు. చందనవెల్లి కంపెనీలో ప్యాకింగ్ పనికి మనుషుల్ని తీసుకుంటున్నారంటే సరే అన్నాను. ఆ కారు వచ్చిన మర్నాడు పొద్దున్నే కంపెనీ బస్సు, బస్సులాగే మా స్టేజీకి వచ్చి ఎక్కించుకుపోవాలి. పిల్ల అప్పటికే సల్వార్ ఇస్త్రీ చేసి పెట్టుకుంది. కారు చప్పుడు విని ఇప్పుడు తలుపు వెనక దాక్కుంది.

మేడం అంది, "రేపటికెల్లి రాకపోతే పరీక్షకు కూసోనియ్యరు అవ్వా. హాజరు సాలదు. ఈ ఏడాది మొత్తం పోతది."

నేను చామంతుల కుప్ప ముందు కూర్చుని దండ గుచ్చసాగాను. పెద్ద పూలు పొద్దున్నే మార్కెట్టుకు పోతాయి. మిగిలిన చిన్నవాటిని పారెయ్యను, దండలు చేసి దుకాణానికి ఇస్తాను.

వెంట వచ్చిన పిల్ల చెయ్యి ఊరుకోలేదు, తనూ ఒక దారం అందుకుంది. పక్కనున్న ఎంకపల్లి పిల్లేనట, మూడో ఏడు చదువుతోందట. "నేను గూడ మొదటి ఏడు గిట్లనే మానేసిన అవ్వా" అంది.

"ఎందుకు? నీకు గూడ కడుపు నొప్పా?"

"నొప్పే. తెలుగుల సదువుకోని పోయినం. ఆడ అంత ఇంగ్లీషే. ఒకనాడు లేపి అడిగిన్రు, నోరు పెగల్లే. ఇగ పోలే."

"మరి మల్ల ఎట్ల పోయినవు?"

"పై క్లాసు అక్క ఒకామె మా ఇంటికొచ్చింది. దగ్గర కూసోని తెలుగుల చెప్పింది. ఇప్పుడు నేను తిరుగుతున్న. మానేసినోళ్ళ ఇంటికి మేడం, మేము కలిసి పోతం."

అలా అంటూనే నా చేతిలోకి చూసింది. "అవ్వా, నీ చేతుల ఎన్ని పూలున్నయి?"

"ఒక్కటి. కండ్లు కనవడ్తలెవ్వా?"

"ఒక్కటి గాదు. అండ్ల వంద దాక ఉంటయి."

నవ్వొచ్చింది. "నువ్వు పుట్టకముందుకెల్లి చామంతి పెడుతున్న బిడ్డా. నాకు చెప్తున్నవా?"

"జర ఇప్పి చూపిస్త."

"ఆగాగు! మంచిది ఖరాబు చెయ్యకు. ఇగో, ఈ నలిగింది తీస్కో."

నలిగిన పువ్వును నా అరచేతిలోనే విప్పింది. ఒక్క రేకును మొదలంటా లాగి చూపించింది. రేకు అడుగున సన్నని గొట్టం, అందులోంచి రెండు పాయలుగా చీలిన పోగు. అదే ఒక పువ్వట. మధ్యలో పసుపు బొడ్డును గోటితో విడదీసింది. నువ్వుగింజంత గొట్టాలు, ఒక్కోదాని మూతికి అయిదు మొనలు. అవీ పూలేనట, ఒక్కోటీ ఒక పువ్వట!

అద్దాలు తెచ్చుకుని ఎండలోకి నడిచాను. నిజమే! ఇన్నేళ్ళుగా తెంపాను, కట్టాను, తూచాను, లోపలికి మాత్రం ఒక్కసారీ చూడలేదు. ఇది ఈ ఒక్క పువ్వు వింతేమోనని ఇంకోటి తీసి చించాను. అందులోనూ అంతే. మరొకటి చించాను. అది మంచి పువ్వని చించాక గాని తెలియలేదు.

"మరి నడుమ ఉన్నయి గింత చిన్నగుంటే, చుట్టున్నయి గంత పొడుగు ఎందుకున్నయి అవ్వా?" అడిగింది ఆ పిల్ల.

"మంచి ధర పలికేటందుకు."

మేడం చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతలో తలుపు వెనకనుంచి గొంతు వినిపించింది.

"ఈగల్ని, తేనెటీగల్ని పిలిచేటందుకు నానమ్మా. దూరంకెల్లి కనవడాలె గద. రేకులు సూసి వస్తయి."

మేడం గిర్రున తిరిగింది. "నేను క్లాసుల అడిగింది గిదే గద!"

"తెలుగుల అడగలే గద మేడం" అంటూ మనుమరాలు గడపలోకి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నాకు తెలుసు. ఎట్ల చెప్పాల్నో తెల్వలే. ఎనుక బెంచీలోళ్ళు నవ్విన్రు."

మేడం గడప దగ్గరికి వెళ్ళి, "నాతోని చెప్పాలె గద బిడ్డా. ఇగ మీదట తెలుగుల చెప్పు. ఇంగ్లీషు మాట నేను పక్కకెల్లి అందిస్త" అంది.

"కంపెనీకి పోవాల్నని ఉన్నదా నీకు?" అడిగాను మనుమరాలిని.

"లేదు."

"గా ముక్క నెల కిందట చెప్తె నోరు అరిగిపోవునా?"

ఇలా వెనకబడినవాళ్ళ కోసం కాలేజీలో రోజూ పొద్దున్నే, పాఠాలకు ముందు, గంటసేపు తెలుగులో చెప్పిస్తారని మేడం అంది. ఆ మాటకు మాత్రం అడ్డం తిరిగాను. "పొద్దుగాల పూలు ఆగుతయా? మార్కెట్టు ఆటో ఆగుతదా? మాపటీలి చెప్పిపియ్యి."

"మాపటీలి బస్సులుండయి అవ్వా. ఆడపిల్లలు కాలేజీల ఎట్ల ఉంటరు?"

"కాలేజీల ఎందుకు? మా అరుగు మీద కూసోండ్రి. ఈ పిల్ల ఎంకపల్లామెనే గద, పక్కూరే, వచ్చి చెప్తది. ఊళ్ళ మానేసినోళ్ళు ఇంకెవరన్న ఉంటే పట్టుకురా."

"నిజంగ ఇస్తవా అవ్వా అరుగు?"

"అరుగిస్త. బల్బు నాది, కరెంటు నాది. చాయ్ మాత్రం అడగొద్దు."

ఆ ఎంకపల్లి పిల్ల లేచి నన్ను వాటేసుకుంది. విదిలించుకున్నాను, కానీ వెంటనే కాదు.

మర్నాడు చీకటితోనే మనుమరాలూ నేనూ చామంతులు తెంపాం. ఆటోలో బుట్టలు ఎక్కించాక ఆమె తయారై స్టేజీకి వచ్చింది, ఇస్త్రీ చేసుకున్న ఆ సల్వారే వేసుకుంది. చందనవెల్లి కంపెనీ బస్సు ముందుగా వచ్చి హారన్ కొట్టింది. పిల్ల రాదు, పొమ్మని డ్రైవరుకు చెప్పాను. పేరు రాయించి ఇదేంటమ్మా అని విసుక్కుంటూ వెళ్ళిపోయాడు. కాసేపటికి చేవెళ్ల బస్సు వచ్చింది. మనుమరాలు ఎక్కింది. సీటు దొరకలేదు, కడ్డీ పట్టుకుని నిలబడే వెళ్ళింది.