కొల్లేటి ఒడ్డున ఐదు పద్యాలు

1937 వేసవి. కైకలూరు దగ్గర కొల్లేటి ఒడ్డున ఒక రైతుగారింట పెళ్లి. పంచరత్నాలు చదవడానికి ఏలూరు నుంచి నన్ను పిలిపించారు. పంచరత్నాలంటే వధూవరులను దీవించే ఐదు పద్యాలు. గులాబీరంగు కాగితం మీద అచ్చు వేయించి, తలంబ్రాలయ్యాక పందిట్లో చదవాలి. రత్నాలు వాళ్లకి, పంచె నాకు. అదీ మా వృత్తిధర్మం.

ఎన్ని పెళ్లిళ్లలో చదివినా ఐదో పద్యం దాకా కూర్చున్నవారిని నేనెరగను. నా అద్దెగది గోడలే నయం, లేచి వెళ్లవు. తాడేపల్లిగూడెం రైసుమిల్లులో గుమస్తాగా రమ్మంటున్నారు. ఈ పెళ్లిలో ఒక్కరైనా చివరిదాకా వింటే సరి, లేదంటే పద్యానికి దణ్ణం పెట్టి ధాన్యంలో పడదామని నిశ్చయించుకునే పడవెక్కాను.

"కానివ్వండి కవిగారూ, కాస్త తొందరగా అండీ," అన్నారు పెళ్లికూతురి తండ్రి.

"ఎంతండీ, ఐదే."

"ఐదే! రెండు చదివేసి మూడు మా చేతిలో పెట్టెయ్యండి. తీరిగ్గా చూసుకుంటాం."

రెండోది ముగుస్తూండగా "విస్తళ్లు వేశారండోయ్!" అని కేక వినిపించింది. పందిరి ఖాళీ. పెళ్లికొడుకు చూపు కూడా అటే పోయింది. కాగితం మడవబోతూ చూశాను. దూరంగా, శుభకార్యానికి అడ్డం రాకుండా, అరుగు చివర తెల్లచీరలో ఒక ముసలావిడ ఒక్కత్తే కూర్చుని నన్నే చూస్తోంది. పెళ్లికూతురి నాయనమ్మ. తల ఊపింది.

ఆవిడ వైపు తిరిగాను. మూడోది సీసం, పొడుగాటి పద్యం. పాదం పాదానికీ తల ఊపింది. నాలుగోదీ, ఐదోదీ కూడా అయ్యేసరికి ఆవిడ కళ్లు తడిశాయి. 

"మీ అమ్మగారు గొప్ప రసజ్ఞులండీ," అన్నాను పంక్తిలో పెళ్లికూతురి తండ్రితో.

వడ్డిస్తున్న ఆయన పకపకా నవ్వారు. "మా అమ్మా? పక్కన పిడుగు పడ్డా ఆవిడకి వినబడదండీ!"

నెయ్యి వేసిన ముద్ద విస్తట్లోనే వదిలేశాను. చెయ్యి కడుక్కుని అరుగు దగ్గరికి వెళ్లాను. ఆవిడ పక్కకి జరిగి చోటిచ్చింది.

"కూర్చో నాయనా. చెవిటిదాన్నని నాతో ఎవరూ మాట్లాడరు. ఇందాకా నా వైపు తిరిగి ఎంతసేపు మాట్లాడావో! ఇంకా ఏమైనా ఉంటే చెప్పు."

మిల్లుకి రాలేనని తర్వాత కబురంపాను. వినేవాళ్లని వెతుక్కోవడమే కవి బాధ అనుకునేవాణ్ణి. తమ వైపు ఎవరైనా తిరుగుతారా అని ఎదురుచూసేవాళ్లూ సభలో ఉంటారని ఆవిడే నేర్పింది. మొదటి రెండు పద్యాలూ ఆవిడ వైపు తిరిగి చదవలేదు కదా, ఆ పూట అరుగు మీదే కూర్చుని అక్కణ్ణుంచి మొదలుపెట్టాను.