పేరు కత్తిరించిన ఫిల్ము

మా ఇంట్లో నా తలకాయ బీరువా వెనక ఉండేది. నేను ఇంటర్ చదివేటప్పుడు తలనొప్పి ఎంతకీ తగ్గకపోతే నాయన వేలూరు తీసుకుపోయి స్కాను తీయించాడు. నల్లటి ఫిల్ము మీద మెదడు అడ్డకోతలు చిన్న చిన్న బొమ్మలుగా వరుసగా ఉన్నాయి. జబ్బేమీ లేదన్నారు. కళ్ళద్దాలు పెట్టుకోగానే నొప్పి పోయింది. అమ్మ భయం మాత్రం పోలేదు. తలకు స్కాను తీసిన పిల్లంటే సంబంధాలు రావని ఫిల్మును పాత చీరలో చుట్టి దాచేసింది.

తిరుపతిలో గణితంలో ఎం.ఫిల్. చేరాక నేను ఎంచుకున్నది మెదడు మడతల ఫ్రాక్టల్ లెక్క. ఫ్రాక్టల్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే కొండను చూపించేదాన్ని. అలిపిరి నుంచి చూస్తే కొండ అంచు ఒక్క గీత. దగ్గరికి పోతే గీతలో గండ్లు, గండ్లలో రాళ్ళు, రాళ్ళలో మళ్ళీ చీలికలు. మెదడు అంచూ అంతే. ఆ వంకరను ఒక సంఖ్యగా చెప్పాలని నా కోరిక.

ఆసుపత్రి వాళ్ళు రోగుల ఫిల్ములు ఇచ్చేది లేదన్నారు. మా గైడు సారుకు అది సాకయింది.

"సెమినార్ నాటికి ఒక్క బొమ్మన్నా కొలిచి చూపించమ్మా. లేదంటే టాపిక్కు మార్చేస్తా. ఆడపిల్లవు, ఈక్వేషన్లు చేసుకోక నీకీ తలకాయల గోలెందుకు?"

హాజరు పిలిస్తే కూడా వినపడీ వినపడనట్టు పలికేదాన్ని. తలూపి వచ్చేశాను. డైరీలో మాత్రం "మార్చను" అని రాసుకున్నాను.

ఇంటికి పోయి బీరువా జరిపాను. అమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది.

"దాన్నెందుకు తీస్తాండావు మే?"

"కొలవాలమా."

"కొలుస్తావా! పలమనేరోళ్ళు నిన్ను చూసేదానికి వస్తామంటా ఉండారు. తలకాయ బాగలేని పిల్ల అనుకోరా?"

నాయన పేపరు దించలేదు. "ఆ తలకాయలో ఏమీ లేదని డాక్టరే చెప్పినాడు గదే. కొండకొచ్చినోళ్ళు పైన గొరిగించుకొని పోతారు, ఇది లోపల గూడా చూసుకుంటాదంట. చూసుకోనీ."

అమ్మ కత్తెర తెచ్చింది. ఫిల్ము మూలన నా పేరున్న ముక్క కత్తిరించి పోపుల డబ్బా అడుగున పెట్టింది. "ఇంక ఎవురిదైనా అనుకోనీ."

కంప్యూటర్ ల్యాబు పగలంతా క్లాసులకే సరిపోయేది, సాయంత్రం ఆడపిల్లల్ని రానిచ్చేవాళ్ళు కాదు. అందుకని అమ్మ జాకెట్ల మీద పూలు దించే పద్ధతే పట్టాను. ఫిల్మును ముందు గది కిటికీ అద్దానికి అంటించి, పైన పలచటి కాగితం పెట్టి, మెదడు అంచును పెన్సిలుతో దించాను. దాన్ని గళ్ళ కాగితం మీద పరిచి, గీత ఎన్ని గళ్ళను తాకుతుందో లెక్కపెట్టాను. తర్వాత గడిని సగం చేసి మళ్ళీ లెక్క. తిన్నని గీతయితే గళ్ళు రెండింతలవుతాయి. నిండుగా పూసిన మరకయితే నాలుగింతలు. నా గీత రెండింటికీ లొంగలేదు. నడుమ ఎక్కడో నిలబడింది, నేను వెతికే సంఖ్య అదే. ఎంత సంతోషమో!

సెమినార్ రోజు సారు ఫిల్మును వెలుతురుకు పట్టుకున్నాడు.

"మూల కత్తిరించి ఉండాదే. పేరేది? యాడన్నా ఎత్తుకొచ్చినావా ఏంది?"

వెనక బెంచీలు నవ్వాయి. అందులో మా వీధి అబ్బాయి కూడా ఉన్నాడు. ఇక్కడ చెప్పిన మాట నాకంటే ముందే ఇల్లు చేరుతుంది. ఎవరిదో తెలియదంటే కొలత చెల్లదు.

"నాదే సార్."

"నీదంటే?"

"నా తలకాయే సార్. పేరు మా అమ్మ కత్తిరించింది. కావాలంటే అడిగి తెస్తాను."

అంత గొంతు నాకుందని నాకే తెలియదు. "ఒక్క బొమ్మతో ఏమవుతుంది, మిగతావీ కొలువు," అని సారు గొణిగాడు. టాపిక్కు మార్చమని మాత్రం అనలేదు.

పలమనేరు వాళ్ళు వచ్చారు. పెళ్ళికొడుకు తల్లి కాఫీ గ్లాసు కింద పెట్టి, "పాపకు తలకు స్కాను తీసినారంటనే?" అంది.

"అబ్బే..." అని అమ్మ మొదలుపెట్టింది.

"తీసినారండీ," అన్నాను. "మీ వెనకాల కిటికీకే ఉండాది, చూడండి."

ఆమె వెనక్కి తిరిగి చూసింది. తర్వాత ఎవరూ ఎక్కువసేపు కూర్చోలేదు. కబురూ రాలేదు.

అమ్మ చాలా రోజులు ఫిల్మును కిటికీ మీది నుంచి తీయమని కనుసైగలు చేసేది. నేను తీయలేదు. ఒక పొద్దున రెండో బొమ్మ దించుతుంటే వచ్చి, పసుపంటిన ముక్కను కిటికీలో పెట్టింది.

"ఇంద, అతికించుకో. ఆ సారు మళ్ళా ఎత్తుకొచ్చినావంటాడు."